మధ్యవర్తి ధర్మము, కమీషన్ హక్కు

మియాపూరు మొదలుకొని మంగళగిరి వరకు, మధురవాడ మొదలుకొని హనుమకొండ వరకు తెలుగునాట ఏ పట్టణపు శివారున నిలిచి చూచినను, ముప్పది యేండ్లు కొలువుచేసి పదవీవిరమణము నాడు చేతికందిన సొమ్మును, ఇల్లాలి నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్మును, ఇరువది సంవత్సరముల వాయిదాలపై బ్యాంకు మంజూరు చేసిన ఋణమును ఒక్కచోట చేర్చి, రెండువందల గజముల స్థలమునో రెండు పడకగదుల ఫ్లాటునో కొనుటకు బయలుదేరిన గృహస్థు, అమ్మువాని ముఖమైనను చూడకమునుపే, తన జీవితార్జనమునంతను ఒక మధ్యవర్తి మాటపై నుంచుచున్నాడు. ఆ మధ్యవర్తికిని అతనికిని నడుమ వ్రాతకోతలు లేవు. పదివేల రూపాయల సెల్‌ఫోను కొన్నప్పుడు బిల్లు అడిగి జేబులో పెట్టుకొను మనిషియే, అరువది లక్షల బేరమును నడపువానిని “నీవు ఎవరి పక్షమున పనిచేయుచున్నావు? నీకు ఎవరెవరు ఎంతెంత ఇచ్చుచున్నారు?” అని అడుగుటకు మొగమాటపడును. అమ్ముకొనువాడును అంతే. తాతలనాటి పెరటిస్థలమును అమ్ముమని పురమాయించునే గాని, ఆ పురమాయింపు వలన తనకు సంక్రమించు హక్కు లెట్టివో, ఎదుటివానిపై పడు బాధ్యత లెట్టివో విచారింపడు.

ఈ మొగమాటపు చాటున కొన్ని అలవాట్లు వేరూనినవి. వానిలో పెక్కింటికి చట్టమున చోటులేదు. కమీషన్ హక్కు వేరు, యజమాని యెడల ఏజెంటు చూపవలసిన విశ్వాసధర్మము వేరు అని తలచుటయే ఈ వ్యవహారమునందలి మూలదోషమని నా నిశ్చితాభిప్రాయము. నూట యేబది యేండ్లకు పైబడిన మన కాంట్రాక్టు చట్టము ఆ రెంటిని విడదీయరాని విధముగా ముడివేసినది. ధర్మము తప్పినచోట కూలి అడుగు హక్కు తెగును. ధర్మము నిలిపినచోట ఆ కూలిని ఎగవేయుటకు యజమానికి అధికారము లేదు. ఈ రెండవ మాటను గూడ మనవారు తరచుగా మరచుచుందురు.

దళారి యనగానే పెదవి విరుచు పెద్దలతో నేను ఏకీభవింపను. ఏ సర్వే నంబరుపై అన్నదమ్ముల వ్యాజ్యము నడచుచున్నదో, ఏ స్థలము రిజిస్ట్రేషన్ చట్టము 22-ఏ సెక్షను క్రింద నిషేధిత జాబితాలోనికి ఎక్కినదో, ఏ లేఅవుటు చెరువు నిండు నీటిమట్టపు హద్దయిన ఎఫ్‌టీఎల్‌లో మునుగుచున్నదో, ఏ వీధిలో ఈశాన్యము పెరిగిన స్థలమునకై ఎవరు కాచుకొని యున్నారో అతనికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు. ఋణభార పత్రము (ఈసీ) తీయించి, లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు తెచ్చి, పదిమంది కొనుగోలుదారులను ఎండలో త్రిప్పి, అందులో తొమ్మండుగురు ఇంటికి పోయి ఫోను ఎత్తకపోయినను ఓర్చుకొని, పదవవానితో బయానా వ్రాయించువాని శ్రమ తక్కువది కాదు. అమ్మకములయందు ఒక్కొక్క పక్షమునుండి నూటికి ఒకటియో రెండో, అద్దె యిండ్లకు ఒక నెల అద్దెయో పుచ్చుకొనుట మనయొద్ద ఆనవాయితీగా వచ్చుచున్నది. ఈ రేట్లను నిర్ణయించిన శాసనము లేదు. ఇరువురు ఒప్పుకొన్నదే రేటు. అందువలననే, ఒప్పుకొన్న దేమో కాగితముపై నుండుట అత్యావశ్యకము.

“నెట్ రేటు”

అలవాట్లలో మిక్కిలి ప్రమాదకరమైనది నెట్ రేటు. “నాకు గజం ఇరవై ఎనిమిది వేలు నెట్ రావాలి, పైన ఎంత తెచ్చుకుంటావో నీ ఇష్టం” అని యజమాని అనును. సర్వమును తెలిసి, తన స్థలము విలువను స్వయముగా విచారించుకొని, పైసొమ్ము ఏజెంటుదే యని మనఃపూర్వకముగా ఒప్పుకొన్న యజమాని అట్లు పలికినచో అది ఒడంబడికయే యగును. దానిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని చాలచోట్ల జరుగునది వేరు. ముప్పదియొక్క వేల ఐదువందలకు కొనువాడు అప్పటికే సిద్ధముగా నుండగా, ఆ సంగతి దాచి, “మార్కెట్ డల్‌గా ఉంది సార్, ఇరవై ఎనిమిది దాటదు” అని ఏజెంటే ఆ అంకెను యజమాని నోట పలికించును. ఇరుపక్షములను ఎదురుపడనీయడు. ఒకరి ఫోను నంబరు మరొకరికి ఈయడు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు వరండాలో బల్లపై కూర్చున్న ఇరువురు స్త్రీలను ఊహింపుడు. ఒకామె అమ్ముచున్నవారి ఇల్లాలు. రెండవ యామె కొనుచున్నవారి భార్య. లోపల ఫొటోలు, వేలిముద్రలు తీయుచుండగా పొద్దుపోక మాటలు కలియును. “గజం ముప్పై ఒకటిన్నర అంటే మాకు తలకు మించిన పనే అయిందండీ పిన్నిగారూ, మా ఆయన ఊళ్లో పొలం కూడా తాకట్టు పెట్టారు” అని చిన్నామె అనును. పెద్దామె చేతిలోని మంచినీళ్ల సీసా ప్రక్కన పెట్టి, “ముప్పై ఒకటిన్నరా? మాకు చెప్పింది ఇరవై ఎనిమిదే కదమ్మా!” అనును. రెండువందల గజములకు గజమునకు మూడువేల ఐదువందల చొప్పున ఏడు లక్షల రూపాయలు. ఇది గాక ఇరుపక్షముల కమీషన్ వేరు. ఈ మాట చెవినిబడిన ఏజెంటు పరుగున వచ్చి, “అవన్నీ ఇక్కడెందుకమ్మా, స్లాట్ టైం అయిపోతోంది, ముందు సంతకాలు కానివ్వండి” అనును. సంతకములు అయిపోవును గూడ. ఎందుకనగా, బయానా అప్పటికే ఖర్చయిపోయినది. బ్యాంకు చెక్కు సిద్ధమైనది. వెనుకకు మరలినచో అందరికిని నష్టమే.

ఈ ఏడు లక్షలు ఇంతకాలము కనబడకుండుటకు కారణము విచారించినచో, లోపము ఏజెంటునందు మాత్రమే లేదని తేలును. దస్తావేజులో ప్రభుత్వ మార్కెట్ విలువను మాత్రమే వ్రాయించి, మిగిలిన సొమ్మును నగదుగా చేతులు మార్పించుట మనవారికి చిరకాలముగా అలవాటైనది. స్థిరాస్తి అమ్మకములో ఇరువదివేల రూపాయలును, అంతకు మించియు నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను చట్టము 2015 జూన్ నుండి నిషేధించినను, పుచ్చుకొన్నంత సొమ్మును జరిమానాగా విధింపవచ్చునని హెచ్చరించినను ఈ ఆచారము సమసిపోలేదు. అసలు ధర కాగితముపై లేనప్పుడు, దానిని ఎరిగినవాడు ఆ నగదు సంచిని మోసినవాడొక్కడే. పన్నునకు వెరచి అమ్మువాడును కొనువాడును దాచిన అంకెయే వారి కన్నులకు గంతలు కట్టినది. మోసపోయితిమని తెలిసిన పిదప న్యాయస్థానమునకు పోవలెనన్నను, ముందు తమ దస్తావేజు అబద్ధమని తామే చెప్పుకొనవలసివచ్చును.

గనిని దాచిన ఏజెంటు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము పదవ అధ్యాయము, అనగా 182 మొదలు 238 వరకు గల సెక్షన్లు, ఏజెన్సీని గూర్చి చెప్పుచున్నవి. ఆ చట్టమును రచించినవారు సూత్రము చెప్పి విడువక, పెక్కు సూత్రముల క్రింద ఉదాహరణములు చేర్చిరి. వానిలో భూములకును ఇండ్లకును సంబంధించినవి నేటి మన పరిస్థితికి అచ్చముగా అమరుచున్నవి.

215వ సెక్షను క్రింది ఉదాహరణమును చూడుడు. ఒకడు తన భూమిని అమ్మిపెట్టుమని ఏజెంటును నియమించెను. ఏజెంటు ఆ భూమిని పరిశీలించుచు అందులో యజమాని యెరుగని గని యొకటి యున్నదని కనుగొనెను. గని మాట చెప్పక, “ఈ భూమిని నేనే కొనుక్కొందును” అని యజమానిని అడిగి, అతని సమ్మతితోనే కొనెను. ఇచ్చట దొంగతనము లేదు, పేరు మార్చుట లేదు, సమ్మతి సైతము ఉన్నది. అయినను, గని సంగతి బయటపడిననాడు యజమాని తన ఇష్టానుసారముగా ఆ అమ్మకమును రద్దుచేయనైన చేయవచ్చును, నిలుపుకొననైన వచ్చునని చట్టము చెప్పుచున్నది. తెలిసి ఇచ్చిన సమ్మతియే సమ్మతి యని దీని తాత్పర్యము. నేటి దినమున భూమిలోని గని రీజినల్ రింగు రోడ్డు రూపమున రావచ్చును, మెట్రో స్టేషను రూపమున రావచ్చును, మాస్టరు ప్లానులో వ్యవసాయ మండలము నివాస మండలముగా మారుటయు కావచ్చును. యజమానికంటె ముందుగా ఆ సంగతి తెలిసికొని, బావమరది పేరున ఆ స్థలమును కొనిపించిన ఏజెంటు ఈ సెక్షను కోరలకు చిక్కినవాడే.

216వ సెక్షను కొనుగోలుదారుని పక్షమున నిలిచినది. ఫలానా ఇల్లు నాకు కొనిపెట్టుమని ఒకడు ఏజెంటును కోరెను. ఏజెంటు “అది అమ్మకానికి రాదు” అని చెప్పి, తానే దానిని కొనెను. అసలువాడు ఆ సంగతి తెలిసికొన్నప్పుడు, ఏజెంటు ఎంతకు కొనెనో అంతకే ఆ ఇంటిని తనకు అమ్మునట్లు నిర్బంధింపవచ్చును. లాభపు మాట లేదు. శ్రమకు కూలి మాట లేదు. అడిగినప్పుడు లెక్క చెప్పవలెనని 213వ సెక్షను, చిక్కు వచ్చినప్పుడు యజమానిని సంప్రదించి అతని ఆదేశమును తీసికొనుటకు తగిన ప్రయత్నమంతయు చేయవలెనని 214వ సెక్షను విధించుచున్నవి. అమెరికాలో నున్న కొడుకు పేర విజయవాడలో గల ఫ్లాటును జీపీఏ (సర్వాధికార పత్రము) పుచ్చుకొని అమ్ముచున్నవారు ఈ 214వ సెక్షనును ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. అక్కడ అర్ధరాత్రి యైనదను మాట సాకు కానేరదు. వీనికి తోడు 1882 నాటి ట్రస్టుల చట్టము 88వ సెక్షను ఏజెంటును పేరెత్తి చెప్పి, విశ్వాసస్థానమునందుండి ఆ స్థానము నాధారము చేసికొని సంపాదించిన లాభమును, ఎవరి హితమును కాపాడవలెనో వారికొరకే అతడు ధరించియున్నట్లు భావింపవలెనని శాసించినది. వరండాలోని పెద్దామెకు ఆ ఏడు లక్షలపై గల హక్కు ఇచ్చటినుండి వచ్చుచున్నది.

తిన్నది కక్కించుటతో సరిపోవునా, కమీషన్ సైతము పోవునా? 220వ సెక్షను దీనికి సమాధానము: ఏజెన్సీ వ్యవహారమున దుష్ప్రవర్తనకు పాల్పడిన భాగమునకు ఏజెంటు ప్రతిఫలము పొందజాలడు. ఇంగ్లండులో 1903లో తీర్పు వచ్చిన ఆండ్రూస్ వర్సెస్ రామ్సే వ్యాజ్యము ఈ విషయమున నేటికిని ప్రమాణము. ఆస్తి అమ్మినందులకు యజమానినుండి 50 పౌండ్లు కమీషన్‌గా పుచ్చుకొన్న ఏజెంటు, కొన్నవానినుండి చాటుగా మరియొక 20 పౌండ్లు పుచ్చుకొనెను. యజమాని ఆ 20 పౌండ్లను మొదటనే వసూలు చేసికొని, అంతటితో ఊరకుండక, తానిచ్చిన 50 పౌండ్లను గూడ తిరిగి ఇప్పింపుమని కోర్టుకెక్కెను. “అమ్మకము జరిగినది గదా, నీకు నష్టమేమి?” అని న్యాయమూర్తులు ప్రశ్నింపలేదు. నమ్మినవానికి ద్రోహము చేసినవాడు కూలికి అర్హుడు కాడని చెప్పి ఆ 50 పౌండ్లను ఇప్పించిరి. రెండువైపుల కమీషన్ మనయొద్ద ఎంత సామాన్యమైనదో అందరికిని తెలిసినదే. ఇరుపక్షములకును తెలిసి, ఇరుపక్షములును ఒప్పుకొన్నచో అందు దోషము లేదు, తెలియనిచ్చటనే దోషము. 1928 నాటి ఫుల్‌వుడ్ వర్సెస్ హర్లీ వ్యాజ్యములో, అమ్మువాని ఏజెంటుగా కుదిరిన హోటళ్ల మధ్యవర్తి కొన్నవానినుండి సైతము కమీషన్ కోరగా కోర్టు నిరాకరించుటకు కారణమిదియే.

ఆర్జన ఎప్పుడు?

ఇంతవరకు యజమాని పక్షమున పలికితిని. ఇప్పుడు మధ్యవర్తి పక్షమున పలుకవలెను.

వేరు ఒడంబడిక లేనియెడల, ఒప్పుకొన్న పని ముగిసినగాని ప్రతిఫలము బాకీపడదని 219వ సెక్షను చెప్పుచున్నది. ఇందు చిక్కంతయు “పని” ఏది యన్నచోటనే యున్నది. కొనువానిని తెచ్చుటయా? అగ్రిమెంటు వ్రాయించుటయా? రిజిస్ట్రేషన్ పూర్తియగుటయా? ఇంగ్లండు ప్రభువుల సభ 1941లో ప్రకటితమైన లక్సర్ వర్సెస్ కూపర్ తీర్పులో ఈ ప్రశ్నను ఎదుర్కొనెను. నాలుగు సినిమాశాలలను అమ్మిపెట్టినచో 10,000 పౌండ్లు ఇచ్చుటకు ఒప్పందము. ఏజెంటు కొనువానిని తెచ్చెను. యజమానులు అమ్మకమును ముగింపక విరమించుకొనిరి. అమ్మకము పూర్తియైనప్పుడే కమీషన్ అని ఒప్పుకొన్నవానికి, యజమాని అమ్మి తీరవలెనని పట్టుబట్టు హక్కు లేదని ప్రభువులు తీర్పుచెప్పిరి. లార్డ్ ఛాన్సలర్ సంవత్సరమంతయు పనిచేసి పొందు వేతనముతో సమానమైన సొమ్మును ఎనిమిది తొమ్మిది దినముల పనికి ఆశించినవాడు, ఆ సొమ్ము రాకపోవు సాహసమును గూడ ఒప్పుకొన్నట్లే యని వారిలో ఒకరు అభిప్రాయపడిరి. ఈ తీర్పు కఠినముగా కనబడవచ్చును. ఒప్పందములోని మాటలే ఇట్టి వ్యాజ్యములకు మూలమని చూపుటయే దీనివలని ప్రయోజనము.

మాటలు మారినచో ఫలితము మారునని మన సుప్రీంకోర్టు తాను వెలసిన 1950వ సంవత్సరముననే చూపినది. అబ్దుల్లా అహ్మద్ వర్సెస్ అనిమేంద్ర కిసెన్ మిత్తర్ అను ఆ వ్యాజ్యమునకు కలకత్తా ఆమ్రతల్లా వీధిలోని ఒక కట్టడము కారణము. 1943 మే నెలలో యజమాని మధ్యవర్తికి వ్రాసియిచ్చిన ఉత్తరము నేటి మనవారందరును చదువదగినది. లక్ష రూపాయలకు తక్కువగాక కొనువానిని సంపాదించినచో వేయి రూపాయలు. ధర లక్ష దాటి లక్షా అయిదువేల లోపల నున్నచో ఆ పైసొమ్మంతయు మధ్యవర్తిదే. లక్షా అయిదువేలు దాటినచో ఆ దాటినదానిలో నాలుగవ వంతు. అధికారము ఒక్క నెల మాత్రమే. మధ్యవర్తి గడువు లోపల లక్షా పదివేలకు కొనువారిని తెచ్చెను. ఉత్తరము లెక్కన 7,250 రూపాయలు రావలెను. యజమాని అతనిని తప్పించి, కమీషన్ ఇవ్వననెను. ఆ ఉత్తరమున మధ్యవర్తికి అప్పగింపబడిన పని కొనువానిని “సంపాదించుట” గావున, కొనుటకు సిద్ధముగను సమర్థుడుగను ఉన్నవానిని తెచ్చినంతనే కమీషన్ హక్కు సిద్ధించినదని సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. పాఠకులు గమనింతురు గదా, ఇదియు ఒక విధమైన నెట్ రేటే. లక్షపైన వచ్చు అయిదువేలు మధ్యవర్తికే. అయినను ఏ న్యాయమూర్తియు దానిని దోషముగ నెంచలేదు; ఏలయన, ఆ అంకెలన్నియు యజమాని కన్నులయెదుట, అతని సంతకము క్రింద నున్నవి.

ధర్మమును హక్కును తూచుటలో నాకు మిక్కిలి ప్రీతికరమైన తీర్పు 1927 నాటి కెపెల్ వర్సెస్ వీలర్. ఫ్లాట్ల భవన మొకదానిని అమ్మిపెట్టుటకు ఒప్పుకొన్న ఏజెంట్లు 6,150 పౌండ్లకు బేరము కుదిర్చిరి. యజమాని సమ్మతించెను గాని, ఒప్పందపత్రముపై సంతకము కాలేదు. ఆ నడుమ మరియొకడు 6,750 పౌండ్లు ఇచ్చెదనని వచ్చెను. యజమాని సమ్మతితో తమ పని తీరినదని తలచిన ఏజెంట్లు రెండవ బేరము సంగతి అతనికి చెప్పలేదు. సంతకము పడువరకు ఏజెంటు బాధ్యత తీరదని కోర్టు చెప్పి, 600 పౌండ్ల తేడాను నష్టపరిహారముగా ఇప్పించెను. అయినను, వారు దురుద్దేశముతో గాక పొరపాటు అభిప్రాయముతో మాత్రమే అట్లు చేసిరి గావున, కమీషన్ మాత్రము వారికి దక్కవలసినదేనని నిర్ణయించెను. ద్రోహికి కూలి పోవును. పొరబడినవాడు నష్టము పూడ్చి కూలి పుచ్చుకొనును. టోకెన్ అడ్వాన్సు పడిన మరునాడు ఎక్కువ ధర ఇచ్చువాడు వచ్చినప్పుడు మన ఏజెంట్లు ఏమిచేయుచున్నారో వారి మనస్సాక్షికే తెలియును.

మనయొద్ద మధ్యవర్తులు పడు బాధలలో పెద్దది మరియొకటి కలదు. కొనువానిని కారెక్కించుకొని పోయి, స్థలము చూపి, కాగితములు చేతికిచ్చి, రెండు వారములు ధరపై చర్చించి దారికి తెచ్చిన పిదప, అమ్మువాడును కొనువాడును లోలోపల ఒకటై, “మేము చుట్టాల ద్వారా కలిశాం, నీకేం సంబంధం?” అందురు. పెద్ద పెద్ద ఉద్యోగులు సైతము ఇట్లు చేయుట కలదు. బేరము కుదురుటకు ప్రధానకారణము తానేనని మధ్యవర్తి నిరూపించినచో, తనను వెలివేసి రిజిస్ట్రేషన్ చేసికొన్నను కమీషన్ రావలసినదే. వేరు ఒప్పందము లేనియెడల, బాకీ తీరువరకు తన చేతికి వచ్చిన యజమాని పత్రములను నిలిపియుంచుకొను హక్కు సైతము 221వ సెక్షను ఏజెంటునకిచ్చినది. నిరూపించుటయే కష్టము. ఏ నాడు ఎవరికి స్థలము చూపెనో ఒక చిన్న సందేశముగా ఆనాడే వాట్సాప్‌లో ఉభయులకును పంపిన మధ్యవర్తికి ఆ కష్టము సగము తగ్గును.

రెరా వచ్చిన తరువాత

2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 మే 1 నుండి సంపూర్ణముగా అమలులోనికి వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టము (రెరా) ఏజెంటును దేశమంతట మొదటిసారిగా రిజిస్టరులోనికి ఎక్కించినది. బ్రోకరు, మిడిల్‌మన్, ప్రాపర్టీ డీలరు అని ఏ పేరున పిలుచుకొన్నను అతడు ఏజెంటే. నమోదు కాని ఏజెంటు నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు గాని ప్లాటు గాని అమ్మింపరాదు, నమోదైన ఏజెంటు నమోదు కాని ప్రాజెక్టును తాకరాదు, లెక్కలు వ్రాయవలెను, బుకింగ్ సమయమున కొనువానికి రావలసిన సమాచారమును పత్రములను అతని చేతికి చేర్చవలెను. తప్పినచో దినమునకు పదివేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో నూటికి అయిదు వరకు జరిమానా. మహారాష్ట్ర రెరా 2023లో మరియొక అడుగు వేసి ఏజెంట్లకు శిక్షణను పరీక్షను తప్పనిసరి చేసినది. మన రెండు రాష్ట్రములును ఈ మార్గమున నడువవలెనని కోరుచున్నాను. 2014-15లలో రాజధాని భూసమీకరణ జరిగిననాడు తుళ్లూరు, మందడము వంటి గ్రామములలో చూచుచుండగానే రియల్ ఎస్టేట్ కార్యాలయములు వెలసినవి. అందు కూర్చున్నవారిలో ఎందరికి అడంగలు చదువుట వచ్చునో అడిగినవారు లేరు.

అయినను రెరా చేతికి అందనిది చాల మిగిలియున్నది. అయిదువందల చదరపు మీటర్లకు మించని స్థలములోనివి గాని, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి గాని అగు కట్టడములకు నమోదు అక్కరలేదు. చేతులు మారు పాత యిండ్లు, విడి స్థలములు, పొలములు ఇంచుమించుగా దీని వెలుపలనే యున్నవి. మధ్యతరగతి మనిషికి మధ్యవర్తితో ముఖ్యముగా పని పడునది అచ్చటనే గదా! అచ్చట దిక్కు 1872 నాటి చట్టమే. ఇక రెరా పరిధిలోనున్న ప్రాజెక్టులయందును ప్రీలాంచ్ అను పేర, యూడీఎస్ (అవిభక్త భూవాటా) అను పేర, అనుమతులు రాకమునుపే, నమోదు కాకమునుపే అమ్మకములు సాగుచున్నవి. హైదరాబాదు చుట్టుపట్ల వీనివలన నష్టపోయిన కుటుంబములు అనేకము. చదరపుటడుగు సగము ధరకు వచ్చుచున్నదని చెప్పి బంధువులచేత సైతము డబ్బు కట్టించిన ఏజెంట్లు, బిల్డరునుండి తమకు ఎంత కమీషన్ వచ్చినదో ఆ బంధువులకు చెప్పరైరి. నమోదు లేని ప్రాజెక్టును అమ్మించుటయే చట్టవిరుద్ధమైనప్పుడు, అందుపై వచ్చిన కమీషన్ ధర్మార్జన మెట్లగును?

సముద్రముల కావల నున్న తెలుగువారికి ఈ ప్రశ్న వేరొక రూపమున ఎదురైనది. అమెరికాలో అమ్మువాడు చెల్లించు కమీషన్‌లోనుండియే కొనువాని ఏజెంటునకు సైతము వాటా ముట్టుట చిరకాలముగా ఆచారము. కొనువాని హితమును కాపాడవలసినవాని కూలి ఎదుటిపక్షమువాని చేతిమీదుగా వచ్చుచుండెను. 2023 అక్టోబరు 31న మిస్సోరీ రాష్ట్రపు కాన్సాస్ సిటీలో ఫెడరల్ కోర్టు జ్యూరీ ఇది పోటీని అణచు పద్ధతియని తేల్చి, సుమారు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారము విధించెను. అచ్చటి జాతీయ రియల్టర్ల సంఘము 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చెను. ఆ రాజీ వలన, 2024 ఆగస్టు 17 మొదలు, ఆ సంఘపు ఏజెంటు కొనువానికి ఇల్లు చూపుటకు ముందే, తన ప్రతిఫల మెంతయో తెలుపు వ్రాతపూర్వక ఒడంబడిక చేసికొనవలెను. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇల్లు చూచుటకు ముందు సంతకము పెట్టివచ్చిన మన పిల్లలు, సెలవులలో వచ్చి నార్సింగిలో ఫ్లాటు కొనునప్పుడు మాత్రము “మనవాడే కదా” అని ఊరకుందురు.

అట్టి కాగితము మనయొద్ద వ్రాసికొనుటకు కొత్త చట్టము రానక్కరలేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు. రెండు రాష్ట్రముల రెరా సంస్థలును తెలుగులో ఒక నమూనాను తయారుచేసి ప్రతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు గోడకు అంటించినచో మంచిది. అంతవరకు కలకత్తా యజమాని 1943లో వ్రాసిన ఉత్తరపు తీరు చాలును. ఏజెంటు ఎవరి పక్షమున నున్నాడు, కనీస ధర ఎంత, కమీషన్ ఎంత, పైసొమ్ము వచ్చినచో అది ఎవరికి, వచ్చిన ప్రతి బేరమును ఎన్ని గంటలలో తెలుపవలెను, కమీషన్ అగ్రిమెంటు నాడు ఇయ్యవలెనా రిజిస్ట్రేషన్ నాడు ఇయ్యవలెనా, యజమాని మనసు మార్చుకొన్నచో మధ్యవర్తి ఖర్చులకు ఏమివ్వవలెను, అధికారము ఎంతకాలము చెల్లును, ఆ గడువు ముగిసిన పిదప అతడు చూపించినవానికే అమ్మినచో కమీషన్ ఎన్ని నెలలవరకు వర్తించును, బయానా సొమ్ము ఎవరి ఖాతాలో నుండవలెను అను విషయములు వ్రాయుటకు ఒక పుటకు మించి పట్టదు. ఏజెంటు ఆ స్థలమును తాను గాని, తన బంధువులు గాని కొనదలచినచో ముందుగా వ్రాసి తెలుపవలెనని ఒక వాక్యము చేర్పవలెను. రెండవ పక్షమునుండియు కమీషన్ పుచ్చుకొనుచున్నచో ఆ మొత్తమును అంకెలలోను అక్షరములలోను అందే వ్రాసి, ఒక ప్రతిని అమ్మువానికిని ఒక ప్రతిని కొనువానికిని ఇచ్చి, మువ్వురును సంతకము చేయవలెను.